సున్నపు తేట చెప్పే సంగతి

వార్డులో మేము శ్వాస లెక్కపెట్టేటప్పుడు, "సిస్టరమ్మా, పీల్చేదీ వదిలేదీ గాలే కదా, దానికి లెక్కెందుకు?" అని కొందరు అడుగుతుంటారు. పీల్చే గాలి, వదిలే గాలి ఒకటి కావు. ఆ తేడాను మీరు ఇంట్లోనే కళ్లారా చూడవచ్చు.

బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, సుమారు 0.04 శాతం మాత్రమే. మనం వదిలే గాలిలో దాదాపు 4 శాతం. అంటే వంద రెట్లు! తిన్న ఆహారం నుండి శరీరం శక్తిని తీసుకునేటప్పుడు ఈ వాయువు పుడుతుంది. రక్తం దానిని ఊపిరితిత్తులకు చేరుస్తుంది, శ్వాస బయటికి పంపుతుంది.

చేసి చూడండి

తాంబూలంలో వేసుకునే సున్నం ఒక చెంచా గాజుసీసాలో వేసి, నిండా నీళ్లు పోసి కలిపి, మూతపెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన తేరిన తేటను వడకట్టి రెండు గ్లాసుల్లో పోయండి. ఒకదానిలో స్ట్రాతో మెల్లగా ఊదండి. రెండోదానిలోకి సైకిల్ పంపుతో గాలి కొట్టండి. ఊదిన గ్లాసు కొద్దిసేపట్లోనే పాలవలె తెల్లబడుతుంది. పంపు గాలి తగిలిన గ్లాసు అప్పటికింకా తేటగానే ఉంటుంది.

బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి నీటిలో కరగని కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. ఆ తెలుపు అదే. ఇంకా ఊదుతూ పోతే అది కరిగే బైకార్బొనేట్‌గా మారి నీరు మళ్లీ తేటపడుతుంది. క్రిస్మస్‌కు ముందు గోడలకు వేసిన సున్నం గట్టిపడేదీ గాలిలోని ఈ వాయువు వల్లనే. 1750ల్లో స్కాట్లండ్ వైద్యుడు జోసెఫ్ బ్లాక్ మన ఊపిరిలో ఈ వాయువు ఉందని సున్నపు తేటతోనే చూపించారు. నేటికీ ఆపరేషన్ థియేటర్‌లో మత్తు యంత్రానికి అమర్చిన సోడాలైమ్ గుళికలు రోగి వదిలిన ఈ వాయువును పీల్చుకుంటాయి. వాటి రంగు మారగానే కొత్తవి వేస్తాము.

జాగ్రత్తలు

పిల్లలను ఒంటరిగా చేయనివ్వకండి. ఊదాలే గాని పీల్చకూడదు. సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. కన్ను నలపకండి. రెప్పలు తెరిచి, వెంటనే శుభ్రమైన నీటితో కనీసం అరగంట ధారగా కడగండి. పసరు, తల్లిపాలు, నూనె పోయవద్దు. కడిగిన వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మరొక ముఖ్య విషయం. ఈ వాయువు గాలికంటె బరువైనది, రంగూ వాసనా లేనిది. పాడుబడ్డ బావుల్లో, ధాన్యపు పాతరల్లో అడుగున పేరుకుంటుంది. దిగినవారు కేక వేసే వ్యవధి కూడా లేకుండా స్పృహ తప్పవచ్చు. కాపాడబోయి దిగిన రెండవవారూ ప్రాణం పోగొట్టుకోవడం తరచు జరిగే విషాదం. దీపం దించి చూసి, ఆరలేదు గనుక భయం లేదనుకోకండి. సున్నపు తేట గాని, దీపం గాని ఇతర విషవాయువుల సంగతి చెప్పలేవు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు సున్నపు తేట తెల్లబడనే తెల్లబడదు.

ఎవరైనా బావిలో పడిపోతే మీరు దిగకండి. 101కు ఫోన్ చేసి అగ్నిమాపక సిబ్బందిని, 108కి చేసి అంబులెన్స్‌ను పిలవండి. ఈ మాట మీ ఇంట్లో పిల్లలకు, పొలంలో పనిచేసేవారికి తప్పక చెప్పండి.