రెండు మోటార్ల బాల్సా విమానం: కిట్ కొనే ముందు ఇవి తెలుసుకోండి

ఆర్‌సీ విమానం అనగానే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది ఫోమ్ మోడల్. బాక్స్ తెరిచి, రెక్కలు తగిలించి, బ్యాటరీ పెడితే ఎగరడానికి రెడీ. బాల్సా కిట్ అలా కాదు. బాక్స్‌లో విమానం ఉండదు. లేజర్‌తో కోసిన చెక్క ముక్కలు, ఒక పెద్ద ప్లాన్ కాగితం ఉంటాయి, అంతే.

మాది జహీరాబాద్ పక్కన మొగుడంపల్లి. దగ్గర్లో హాబీ షాప్ లేదు, చూపించేవాళ్లు లేరు. అయినా నేను తీసుకున్నది ఏకంగా రెండు మోటార్ల కిట్. మూడు నెలలు రోజూ సాయంత్రం కూర్చుంటే పూర్తయింది. చాలామంది నన్ను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "రెండు మోటార్లు ఉన్నాయి కదా, ఒకటి ఆగినా రెండోది కాపాడుతుంది కదా?" కాపాడదు. సరిగ్గా చూసుకోకపోతే ఆ రెండోదే విమానాన్ని పడేస్తుంది. ఎందుకో, దానికి కట్టేటప్పుడే ఏం చేయాలో చూద్దాం.

ఏ మోడల్, ఎందుకు?

నేను ఎంచుకున్నది డిసి-3, అదే మనం డకోటా అంటామే, అది. అసలు విమానం మొదటిసారి ఎగిరింది 1935 డిసెంబర్ 17న. దానికీ మన హైదరాబాద్‌కూ గట్టి సంబంధం ఉంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి మొదలుపెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్‌కు ఉద్యోగం ఇచ్చింది కూడా ఆ కంపెనీయే. 1953లో అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

అసలు డకోటా రెక్కల పొడవు సుమారు 29 మీటర్లు. నా మోడల్ అందులో 20వ వంతు, అంటే 1.45 మీటర్లు. బ్యాటరీతో కలిపి బరువు 1,450 గ్రాములు. కిట్, రేడియో, ఎలక్ట్రానిక్స్ అన్నీ కలిపితే ఒక మంచి మిడ్‌రేంజ్ ఫోన్ ధర అయింది.

ఒక మోటార్ ఆగితే ఏమవుతుంది?

సింగిల్ మోటార్ విమానంలో మోటార్ ముక్కు మీద, సరిగ్గా మధ్యలో ఉంటుంది. ఆగిపోతే విమానం గ్లైడర్ అవుతుంది, మెల్లగా దింపేయొచ్చు. నా డకోటాలో ఒక్కో మోటార్ మధ్య గీతకు 14 సెంటీమీటర్ల దూరంలో ఉంది. ఎడమది ఆగిందనుకోండి. కుడిది ఇంకా లాగుతూనే ఉంటుంది కాబట్టి ముక్కు ఎడమకు తిరుగుతుంది. అలా తిరిగేటప్పుడు ఎడమ రెక్క వెనకబడుతుంది, దాని మీద గాలి వేగం తగ్గుతుంది, లిఫ్ట్ పడిపోతుంది. విమానం ఎడమకు ఒరిగి, తిరగబడి, తిరుగుతూ నేలకు వస్తుంది. ఎత్తు తక్కువగా ఉంటే ఇదంతా రెండు మూడు సెకన్ల పని.

రడ్డర్‌తో ఆపొచ్చు కదా అంటారా? రడ్డర్ బలం వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం సగమైతే బలం నాలుగో వంతు అవుతుంది. ఒక వేగం కంటే కిందకు పోతే పూర్తి రడ్డర్ ఇచ్చినా చాలదు. పెద్ద ట్విన్ ఇంజిన్ విమానాల స్పీడ్ మీటర్ మీద ఈ హద్దును ఎర్ర గీతతో చూపిస్తారు. మన మోడల్‌లో ఆ మీటర్ ఉండదు, కళ్లే మీటర్.

కాబట్టి ట్విన్ కట్టడమంటే ఎడమా కుడీ సమానంగా ఉంచడమే. చెక్క నుంచి బ్యాటరీ దాకా అన్నిచోట్లా అదే లెక్క.

చెక్కను తూకం వేయండి

బాల్సా ఎక్కువగా ఈక్వెడార్ నుంచి వస్తుంది. సగటున ఘనమీటరుకు 160 కిలోలు ఉంటుంది. టేకు 650 కిలోల దాకా ఉంటుంది. కానీ బాల్సాలో బరువు షీటుకూ షీటుకూ చాలా మారుతుంది. 3 మి.మీ. మందం, 10 సెం.మీ. వెడల్పు, ఒక మీటరు పొడవున్న షీటు సగటున 48 గ్రాములు తూగాలి. అదే సైజులో 35 గ్రాములవీ వస్తాయి, 70 గ్రాములవీ వస్తాయి. అందుకే వంటింటి డిజిటల్ త్రాసు తెచ్చుకుని, రెండు రెక్కల ముక్కలను తూచి జతలు చేశాను. ఎడమకు ఒక బరువైన రిబ్ వేస్తే, కుడికీ అంతే బరువున్నది.

కట్టే బల్ల చదునుగా ఉండాలి. బల్ల వంకరైతే రెక్కా వంకరే. మా వైపు తాండూరు బండకు కొదవ లేదు కాబట్టి పాలిష్ చేసిన బండ ఒకటి తీసుకుని, స్టీలు స్కేలు ఆనించి చదును చూసుకున్నాను. గుండుసూదులు దిగాలి కదా, అందుకని పైన మెత్తటి పిన్ బోర్డు, దాని మీద ప్లాన్, ఆపైన పారదర్శక ప్లాస్టిక్ కవర్ పరిచాను. ఎక్కువ అతుకులకు ఫెవికాల్ లాంటి తెల్ల జిగురే వాడాను. ఆరడానికి టైమ్ పడుతుంది, కానీ సరిచేసుకునే అవకాశం ఇస్తుంది. సూపర్ గ్లూ ఆ అవకాశం ఇవ్వదు.

డకోటా రెక్క చివరికి పోయేకొద్దీ సన్నబడుతుంది. ఇలాంటి రెక్క నెమ్మదిగా ఎగిరేటప్పుడు చివర్లోనే ముందు స్టాల్ అవుతుంది. అందుకే రెక్క చివరను వెనకవైపు కొంచెం పైకి తిప్పి కడతారు, దీన్నే వాషౌట్ అంటారు. నా ప్లాన్‌లో అది 2 డిగ్రీలు. చివరి రిబ్ పొడవు 80 మి.మీ. కాబట్టి వెనక అంచు కింద సుమారు 3 మి.మీ. ముక్క పెట్టి అతికిస్తే చాలు. రెండు వైపులా ఒకే ముక్కతో పెట్టండి. తర్వాత ఫోన్‌లో యాంగిల్ కొలిచే యాప్ తెరిచి, రెండు రెక్కల దగ్గరా రీడింగ్ సరిపోల్చండి.

అసలు కిటుకు వైరింగ్‌లో

రెండు 1400 కేవీ బ్రష్‌లెస్ మోటార్లు, రెండు 20 యాంపియర్ల ఇఎస్‌సీలు, 7 అంగుళాల ప్రొపెల్లర్లు. ఇంతకంటే పెద్దవి పెడితే మధ్యలో ఉన్న బాడీకి మరీ దగ్గరవుతాయి. ఫుల్ థ్రాటిల్‌లో ఒక్కోటి 13 యాంపియర్లు తీసుకుంటుంది. రెండూ కలిపి సుమారు 285 వాట్లు, అంటే కిలోకు దాదాపు 200 వాట్లు. డకోటాకు ఇది చాలు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు:

ఒకటి, బ్యాటరీ ఒక్కటే వాడండి. ఒక్కో మోటార్‌కు ఒక్కో బ్యాటరీ పెడితే ఒకటి ముందు అయిపోతుంది. నాది 3ఎస్, 2200 ఎంఏహెచ్.

రెండు, రెండు ఇఎస్‌సీలలోనూ రిసీవర్‌కు కరెంట్ ఇచ్చే బీఈసీ ఉంటే, ఒకదాని ఎర్ర వైర్ పిన్ తీసి టేప్ చుట్టండి. రెండూ ఒకేసారి ఇస్తే వోల్టేజ్‌లో చిన్న తేడాకే ఒకదాని మీద భారం పడి వేడెక్కుతుంది.

మూడోది చాలామందికి తట్టదు. బ్యాటరీ వోల్టేజ్ తగ్గితే ఇఎస్‌సీ తనంతట తనే మోటార్‌ను ఆపేస్తుంది. ఫోమ్ మోడల్‌లో ఇది మంచి ఫీచర్. ట్విన్‌లో మాత్రం ప్రమాదం, ఎందుకంటే రెండు ఇఎస్‌సీలూ ఒకే క్షణంలో ఆపవు. అందుకే కటాఫ్‌ను బాగా తక్కువకు, వీలైతే 'మెల్లగా తగ్గించే' మోడ్‌కు సెట్ చేయండి. బ్యాటరీని కాపాడే పని టైమర్‌కు ఇవ్వండి. నా టైమర్ 7 నిమిషాలు. దిగాక కూడా బ్యాటరీలో మూడో వంతు మిగులుతుంది.

ఫోన్‌తో ఆర్‌పీఎం టెస్ట్

ఆర్‌పీఎం మీటర్ కొనక్కర్లేదు. ఫోన్‌లో ఫ్రీగా దొరికే ఆడియో స్పెక్ట్రమ్ యాప్ చాలు. విమానాన్ని గట్టిగా కట్టేసి, ప్రొపెల్లర్ తిరిగే గీతలోకి ఎవరూ రాకుండా చూసి, ఒక్కో మోటార్‌ను విడిగా తిప్పండి. రెండు బ్లేడ్ల ప్రొపెల్లర్ నిమిషానికి 12,000 సార్లు తిరిగితే సెకనుకు 200 సార్లు, రెండు బ్లేడ్లకు 400 హెర్ట్జ్. స్క్రీన్ మీద ఆ శిఖరం స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు రెండు ఇఎస్‌సీల థ్రాటిల్ రేంజ్‌ను ఒకేసారి క్యాలిబ్రేట్ చేశాను. తర్వాత కొలిస్తే ఎడమ 400, కుడి 390 హెర్ట్జ్. ప్రొపెల్లర్లను అటూ ఇటూ మార్చాను. ఈసారి ఎడమ 390 వచ్చింది. అంటే మోటార్లు బాగానే ఉన్నాయి, తేడా ప్రొపెల్లర్‌ది. కొత్తది వేస్తే తేడా 3 హెర్ట్జ్‌కు దిగింది. ప్రొపెల్లర్లు రెండూ ఒకే వైపు తిరిగేవి కావడం వల్లే ఇలా మార్చి చూడగలిగాను. ఎదురెదురుగా తిప్పితే టార్క్ రద్దవుతుంది, నిజమే. కానీ అసలు డకోటాలోనూ రెండూ ఒకే వైపు తిరుగుతాయి.

ఎక్కడ ఎగరేయాలి?

మాకు దగ్గర్లోనే బీదర్ ఉంది. అక్కడ వాయుసేన శిక్షణ కేంద్రం ఉంది. సూర్యకిరణ్ టీమ్ 1996లో పుట్టింది అక్కడే. పైన నిజమైన జెట్‌లు తిరిగే ప్రాంతం కాబట్టి నిబంధనలను తేలిగ్గా తీసుకోలేం. డ్రోన్ నిబంధనలు-2021 ఆర్‌సీ మోడళ్లకూ వర్తిస్తాయి. 250 గ్రాముల నుంచి 2 కిలోల దాకా మైక్రో కేటగిరీ. సరదాకు ఎగరేసేవాళ్లకు ఇందులో పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. గ్రీన్ జోన్‌లో ఎత్తు పరిమితి 400 అడుగులు. ఎయిర్‌పోర్ట్ సరిహద్దుకు 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య అయితే 200 అడుగులే. ఎగరేసే రోజు అధికారిక ఎయిర్‌స్పేస్ మ్యాప్‌లో మీ చోటు ఏ జోన్‌లో ఉందో చూడండి, రిజిస్ట్రేషన్ నంబర్ సంగతీ చూసుకోండి.

నేను శనగ కోతలు అయ్యేదాకా ఆగి, మా చిన్నాయన చేనులో ఎగరేశాను. పక్క చేన్లలో మనుషులు ఉంటే ఆ రోజు బంద్. కిలోన్నర విమానం, తిరిగే ప్రొపెల్లర్లు రెండు, తమాషా కాదు.

గాల్లో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ముక్కు తనంతట తనే ఒక పక్కకు లాగితే థ్రాటిల్ పెంచొద్దు. రెండూ పూర్తిగా తగ్గించండి, ముక్కు కొంచెం దించండి, ఎదురుగా ఉన్న ఖాళీలో నేరుగా దింపండి. చక్రాలు విరిగినా పర్లేదు, అతికించుకోవచ్చు.

ఎవరు తీసుకోవచ్చు?

ఇప్పటికే ఫోమ్ ట్రైనర్‌ను ధైర్యంగా ఎగరేసి దింపగలిగితే, ఒక సింగిల్ మోటార్ బాల్సా కిట్ కట్టి ఉంటే, డకోటా తీసుకోండి. ఇదే మొదటి విమానం అయితే వద్దు. ముందు సిమ్యులేటర్, తర్వాత ఫోమ్, ఆ తర్వాత ఇది. కిట్ కొనేటప్పుడు ప్లాన్ షీటు ఉందో లేదో, రెక్క వాషౌట్ ఎంతో ప్లాన్‌లో రాశారో లేదో అడిగి తెలుసుకోండి. ఆ వివరం లేని ట్విన్ కిట్ ఎంత చవకగా వచ్చినా నేనైతే కొనను.