మనోవ్యాధిగ్రస్తులగు సిపాయిల పింఛను

1972 సంవత్సరమున సైన్యమున జేరిన యొక సిపాయిని 1977 లో స్కిజోఫ్రీనియా యను చిత్తవ్యాధి కలదని చెప్పి యింటికి బంపివేసిరి. ఆ వ్యాధికిని సైన్యసేవకును సంబంధము లేదని పింఛను నిరాకరించిరి. అతని వ్యాజ్యము మెట్టు వెంట మెట్టెక్కి సుప్రీంకోర్టును జేరి, 2013 జూలైలో తీర్పు వెలువడునప్పటికి ముప్పదియైదేండ్లు దాటిపోయినవి. ఆ తీర్పైనను పింఛను నిచ్చినది కాదు. నాటి వైద్యమండలి తన యభిప్రాయమునకు దగిన హేతువులు చూపలేదు గనుక, ఆ మనుష్యుని మరల పరీక్షింపుడని మాత్రమే ప్రభుత్వమును శాసించినది. యౌవనమున చెదరిన బుద్ధిని వార్ధక్యమున తూచి చూడవలసిన విపరీతపు పని వైద్యులపై బడినది.

ఇంతటి యాలస్యమునకు చట్టము లేకపోవుట కారణమని పాఠకులు తలపవచ్చును. అది సరికాదు. 1982 నాటి పింఛను నిబంధనలను దెరచి చూచిన, సిపాయికి అంతకన్న ననుకూలముగా వ్రాయుట కష్టమని తోచును. సైన్యమున జేర్చుకొను నాడు వైద్యులు పరీక్షించి యే రోగమును వ్రాసియుండనిచో, వాడు నాడు ఆరోగ్యవంతుడనియే యెంచవలయును. పిమ్మట అనారోగ్యముచే తొలగింపబడిన యెడల, ఆ రోగము సేవాకాలమున బుట్టినదనియే భావింపవలయును. రుజువుభారము సిపాయిపై లేదు. సందేహము కలిగినచో దాని ఫలము వానికే దక్కవలయును. అంతియ గాదు. శ్రమచేతను, మనఃక్లేశముచేతను ప్రకోపించు రోగముల పట్టిక యొకటి ఆ నిబంధనలకు అనుబంధముగా నున్నది. ఆ పట్టికలో మొట్టమొదట పేర్కొనబడినవి చిత్తరోగములే! యుద్ధభూమిలో లేడు గదా, శాంతికాలపు బారకాసులలో నుండెను గదా యను ఆక్షేపణకును సైనిక వైద్యసేవల నిబంధనావళి సమాధానము చెప్పుచున్నది: రోగకారణము సమరస్థలమున గలిగినను, శాంతిస్థలమున గలిగినను భేదము లేదు.

మరి యడ్డంకి యెచ్చటనున్నది? సిపాయిని ఇంటికి బంపునపుడు కూర్చుండు వైద్యమండలివారు వ్రాయు ఒక్క వాక్యమున నున్నది. "ఇది శరీరప్రకృతి ననుసరించిన వ్యాధి; సేవతో సంబంధము లేదు" అను తాత్పర్యముగల వాక్యము వేలకొలది దస్త్రములలో అచ్చువేసినట్లు కనబడుచుండును. ఏల సంబంధము లేదు? చేరునాడు ఆ రోగమును గనిపెట్ట వీలు లేకపోయినదా? లేకపోయినచో నేల? హేతువు వ్రాయవలెనని నిబంధనయే చెప్పుచుండగా, ఆ గడి తరచుగా శూన్యము. ఈ శూన్యమును బూరించుటకు సిపాయి మొదటి అప్పీలు, రెండవ అప్పీలు, సైనిక న్యాయాధికరణము, తుదకు ఉన్నత న్యాయస్థానములు అను దారిని నడువవలసి యుండును. పూర్వము అలహాబాదులోని పింఛను కార్యాలయమువారు రోగి మొగమైనను జూడకయే వైద్యమండలి యిచ్చిన వైకల్యపు శాతమును తగ్గించుచుండిరి. ఇది తగదని 1993 లో సుప్రీంకోర్టు మందలింపవలసి వచ్చెను.

ఈ ధర్మమునకు మనవారు పెట్టిన పేరే అంగవైకల్యపు పింఛను. పేరులోనే లోపమున్నది. కాలు తెగినవాని కాలు లేమి గుమాస్తా కంటికి సైతము గనబడును. ఇరువదేండ్ల తరువాతనైనను ఆ సాక్ష్యము చెక్కుచెదరదు. మనస్సు అంగము కాదు. దాని గాయమునకు సాక్ష్యములు నాటి అధికారి వ్రాసిన వ్రాతలు, తోడి సిపాయిల జ్ఞాపకములు, ఆసుపత్రి చీటీలు. ఇవి యేటేట చెదరిపోవును. పైగా దరఖాస్తు వ్రాయవలసినవాడును, గడువు గుర్తుంచుకొనవలసినవాడును, కార్యాలయముల జుట్టు తిరుగవలసినవాడును ఆ రోగియే. మనుష్యులను నమ్మలేకపోవుట యే రోగమునకు లక్షణమో, ఆ రోగమున్నవానిని పది కార్యాలయములను నమ్ముమనుచున్నాము.

ఇంటివారి మౌనము మరియొకటి. తాడేపల్లిగూడెము చెంతనున్న మాధవరమునకు మిలిటరీ మాధవరమని పేరు వచ్చినది. తరతరములుగ ఇంటికొక్కడు సైన్యమున కేగిన యూరది. అట్టి యూళ్ళలో కాలు పోగొట్టుకొని వచ్చినవానికి అరుగుమీద పీట వేయుదురు. మతి చెదరి వచ్చినవానిని మాత్రము త్రాగుబోతనియో, గాలి సోకినదనియో చెప్పి వెనుకగదిలో నుంతురు. చెల్లెలి పెండ్లి చెడునను భయము ఆసుపత్రి కాగితములను పెట్టె యడుగున దాచించును. ఆ పెట్టె దెరచునప్పటికి పదేండ్లు గడచును.

అట్లు గడచిన కాలమునకు శిక్ష వేరుగా నున్నది. 1983 లో అనారోగ్యముచే తొలగింపబడిన యొక సిపాయి 1999 లో హైకోర్టు నాశ్రయించెను. హైకోర్టు బాకీ నంతయు నిప్పింపగా, 2008 లో సుప్రీంకోర్టు దానిని వ్యాజ్యము వేయుటకు వెనుకటి మూడేండ్లకే పరిమిత మొనర్చెను. నెలనెలయు రావలసిన పింఛను నిరాకరించుట నిత్యము సాగు అన్యాయమే గనుక హక్కు నశింపదు. కాని పాతబాకీ మాత్రము మూడేండ్లకు మించి రాదు. ఈ సూత్రమునే నేటికిని పెక్కు వ్యాజ్యములకు వర్తింపజేయుచున్నారు. మతి స్థిరముగా నున్నవాని విషయమున ఇది న్యాయమే కావచ్చును. మతి చెదరినవానికో? మన పాఠకులలో భూస్వాములకు దావాల గడువులు క్రొత్త గావు. దావా వేయు హక్కు గలిగిన నాటికే వాది మతిహీనుడై యుండినచో, ఆ స్థితి తొలగువరకు గడువు నడువదని 1963 నాటి కాలపరిమితి చట్టము 6 వ విభాగము చెప్పుచున్నది. అంతకు పూర్వపు 1908 నాటి చట్టమును అట్లే చెప్పినది. పిచ్చివాని మాగాణికి దొరకిన దయ వాని పింఛనుకు దొరకరాదా?

ఇంకొక్క సంగతి. మాజీ సైనికుల వైద్యమునకై 2003 లో నేర్పడిన పథకమున సభ్యుడగుటకు సామాన్యముగా పింఛనుదారుడై యుండవలయును. కాబట్టి పింఛను నిరాకరించిన యుత్తర్వు రూకలను మాత్రమే గాక మందును గూడ నాపుచున్నది. వ్యాజ్యము నడుచు నన్ని యేండ్లును రోగము ముదురుచుండును. కాలు తెగినవాని కాలు వ్యాజ్యకాలమున మరింత తెగదు.

ప్రభుత్వపక్షమున చెప్పుమాట లేకపోలేదు. రక్తపోటు, మధుమేహము మున్నగు రోగముల పేర పూర్తి సేవ చేసి పదవీవిరమణ నొందిన అధికారులు సైతము ఈ పింఛను బడయుచున్నారనియు, ధనాగారమునకు భారము పెరుగుచున్నదనియు అందురు. అక్రమములు కలవేని వెదకి పట్టవలసినదే. కాని నడిసేవలో రోగియని యింటికి బంపబడిన సిపాయి వేరు, సుఖముగా విరమించిన అధికారి వేరు. ఒకరి దోషమునకు మరియొకరి దస్త్రమును తొక్కిపెట్టుట పాలనమనిపించుకొనదు. రక్షణమంత్రి నియమించిన నిపుణుల సంఘము 2015 లోనే యిట్టి వ్యాజ్యములలో ప్రభుత్వపు అప్పీళ్ళను తగ్గింపుమని సలహా యిచ్చినది. ఐనను అప్పీళ్ళు నిలువలేదు. న్యాయాధికరణము సైనికుల కనుకూలముగా నిచ్చిన యుత్తర్వులపై కేంద్రప్రభుత్వము వేసిన దాదాపు మూడువందల వ్యాజ్యములను 2025 జూలైలో ఢిల్లీ హైకోర్టు ఒక్కమారుగా కొట్టివేసెను. అంతకు రెండునెలల ముందు, 2025 మే మాసమున, స్కిజోఫ్రీనియా పేర తొలగింపబడిన మరియొక సిపాయికి సుప్రీంకోర్టు పింఛను నిప్పించినది. అందు జూపిన కారణము పాతదే: వైద్యమండలి హేతువులు వ్రాయలేదు!

అమెరికా దేశమునను ఈ జాడ్యము లేకపోలేదు. వియత్నాం యుద్ధము ముగిసిన యైదేండ్లకు, 1980 లో గాని, యుద్ధాఘాతముచే గలుగు చిత్తవ్యాధికి వైద్యుల రోగపట్టికలో నేటి పేరు దొరకలేదు. 2013 నాటికచ్చట ఆరులక్షలకు పైగా దరఖాస్తులు గడువు దాటి పడియుండెను. ఐతే ఆ గడువేమో లోకమునకు దెలియును: 125 దినములు. అది దాటినవాని సంఖ్యను ప్రభుత్వమే ప్రకటించును, పత్రికలు నిలదీయును. 2010 లో నిబంధన మార్చి, శత్రుభయమున్న తావున పనిచేసినట్లు తేలి, ప్రభుత్వ వైద్యుడు రోగమును నిర్ధారించినచో, ఫలానినాడు ఫలాని ఘటన జరిగెనని సిపాయి వేరుగా రుజువు చేయ నవసరము లేదనిరి. మన దేశమున దినముల లెక్కయే పెట్టనప్పుడు జాప్యమని దేనిని బిలువవలయును? ప్రతి వైద్యమండలియు తన హేతువులను సిపాయి చేతికిచ్చు ప్రతిలోనే వ్రాయవలయును. అప్పీలు దినసంఖ్యను ప్రకటింపవలయును. మతి చెదరినవానికి మూడేండ్ల బాకీ సూత్రమును సడలింపవలయును. ఈ మూడింటికి క్రొత్త ఖజానా అక్కరలేదు. 2023 సెప్టెంబరు నుండి క్రొత్త పింఛను నిబంధనలు వచ్చినవి. వానివలన సిపాయి హక్కు సన్నగిల్లునని మాజీ సైనికులు పెక్కండ్రు శంకించుచున్నారు. ఆ శంకను దీర్చు భారము ప్రభుత్వముపై నున్నది.

అంతవరకు ఇంటివారు చేయదగిన పనులు కొన్ని కలవు. తొలగింపు నాటి వైద్యమండలి కాగితముల నకలు మొట్టమొదట సంపాదింపవలయును. అది లేకున్న తక్కినదంతయు గాలిలో దీపము. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున దరఖాస్తు వ్రాయుటకు సాయపడుదురు. వాని మార్పును గుర్తెరిగిన తోడి సిపాయిలు జీవించియుండగనే వారి వాఙ్మూలములు వ్రాయించుకొనుట మేలు. 2007 నాటి చట్టముచే నేర్పడిన సైనిక న్యాయాధికరణమునకు పోవుటకు అప్పీలుపై ప్రత్యుత్తరము వచ్చువరకు కూర్చుండ నక్కరలేదు. ఆరు నెలలు గడచినను ఉత్తర్వు రానియెడల నేరుగా దరఖాస్తు పెట్టవచ్చును. కావున అప్పీలు పంపిన తపాలా రసీదును భద్రము చేయుడు. ఆ యారునెలల లెక్కకు అదియే ఆధారము.