కాశిబుగ్గ నుంచి చికాగో: గంటలు పోయేది నేల మీదే

గోడకు వేలాడే ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి చికాగోకు గీత గీస్తే, అది అరేబియా, ఆఫ్రికాల మీదుగా అట్లాంటిక్ దాటుతుంది. ఆ గీత వెంట వెళ్తే దూరం 16,000 కిలోమీటర్ల పైచిలుకు. అదే గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి పట్టండి. దారం దాదాపు నేరుగా ఉత్తరానికి లేచి, మధ్య ఆసియా, రష్యాలు దాటి, ధ్రువానికి చేరువగా 79 డిగ్రీల అక్షాంశం దాకా పోయి, కెనడా మీదుగా దిగుతుంది. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. గోళం మీద ఇంతకన్నా దగ్గరి దారి లేదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా ఈ రెండు నగరాల మధ్య ఎక్కడా ఆగని సర్వీసు మొదలుపెట్టినప్పుడు ప్రయాణానికి పట్టింది 16, 17 గంటలు. గంటకు 900 కిలోమీటర్ల వేగంతో పోయే జెట్ విమానానికి, ఎదురుగాలినీ చుట్టుదారినీ కలుపుకుంటే, అంతకంటే పెద్దగా తగ్గదు.

భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమటి ఊరు తానే ఎదురొస్తుంది కదా అని కొందరు అడుగుతారు. రాదు. గాలి కూడా భూమితోపాటే తిరుగుతుంది. రాకపోకల సమయాల్లో తేడా తెచ్చేది పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్. ధ్వనిని మించిన వేగంతో పోలేమా అంటే, 2003లో ఆగిపోయిన కాంకార్డ్ ఒక్కసారి ఇంధనం నింపుకుంటే ఈ దూరంలో సగానికి కొంచెం పైన మాత్రమే ఎగరగలిగేది. దుబాయ్ మీదుగా వెళ్లినా పెరిగే దూరం 900 కిలోమీటర్లే, అంటే గాలిలో ఒక గంట. మిగతా ఆలస్యమంతా అక్కడ ఇంకో విమానం కోసం కూర్చునే కాలం.

అందుకే వరంగల్ కాశిబుగ్గలో పెట్టె సర్దుకునే విద్యార్థి లెక్కను నేల మీద నుంచి మొదలుపెట్టాలి. శంషాబాద్ విమానాశ్రయం దాదాపు 170 కిలోమీటర్లు, కారులో సుమారు నాలుగు గంటలు. విమానం కదలడానికి మూడు గంటల ముందే అక్కడుండాలి. జెట్ విమానం అర్ధ గంట కూడా పట్టకుండా దాటే దూరానికి మనకు ఏడు గంటలు పోతున్నాయి.

వరంగల్ దగ్గరి నిజాం కాలపు మామునూరు విమానాశ్రయానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది కదా, ఇక ఆ గంటలు మిగిలినట్టేనా? ఈ ఆశ న్యాయమైనదే, కానీ షరతు ఉంది. మామునూరు నుంచి శంషాబాద్‌కు చిన్న విమానం ముప్పావు గంటలో చేరవచ్చు. అయితే ముందుగా చేరుకోవడానికి ఒక గంట, శంషాబాద్‌లో లగేజీ తీసుకుని మళ్లీ అప్పగించడానికి, తర్వాతి విమానం కోసం వేచి ఉండడానికి మూడు గంటలు కలిపితే ఆ ఏడు గంటల్లో మిగిలేది సుమారు రెండు గంటలే. మామునూరులో ఇచ్చిన పెట్టె నేరుగా చికాగోలో చేతికందేలా ఒకే టికెట్ ఉంటే, రెండు విమానాల వేళలు కుదిరితే, అప్పుడు మాత్రం అంతకంటే ఎక్కువ సమయం నిజంగా మిగులుతుంది. రన్‌వే పొడవు గురించి జరిగినంత చర్చ ఈ టైంటేబుల్ గురించి కూడా వరంగల్‌లో జరగాలి.