32 దాటిన తెలుగు మాట

‘లినక్స్‌లో క్రోమ్ వేగమా, ఫైర్‌ఫాక్స్ వేగమా? తేల్చి చెప్పండి’ అని కూకట్‌పల్లి జేఎన్‌టీయూ దగ్గర హాస్టల్లో ఉంటున్న పాఠకుడొకరు రాశారు. పాత ల్యాప్‌టాప్, అందులో ఉబుంటు, చదివేది ఎక్కువగా తెలుగు వార్తలట. ఆ చివరి ముక్క దగ్గరే నేను ఆగిపోయాను.

ముందు మామూలు జవాబు. బ్రౌజర్ల వేగానికి ఇప్పుడు ఎక్కువమంది చూసేది స్పీడోమీటర్ పరీక్ష. దాని 3.0 వెర్షన్‌ను యాపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా కలిసి 2024 మార్చిలో తెచ్చాయి. పనుల జాబితాలో పద్దులు చేర్చడం, టిక్కు పెట్టడం, చెరిపేయడం లాంటివి చకచకా చేయించి మార్కులేస్తుంది. ఎక్కువొస్తే వేగం ఎక్కువ. తెలుగు అక్షరం కూర్చే పనికి మాత్రం అందులో విడిగా మార్కుల్లేవు. అసలు మజా అంతా అక్కడే ఉంది.

‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఇదే వరసలో తెర మీద పరిస్తే ఎవరూ చదవలేరు. గుడి దీర్ఘం వరసలో అందరికన్నా వెనక ఉంది, ఎక్కాల్సింది మాత్రం మొదటి ‘స’ నెత్తిన. త, ర వత్తులై కిందికి దిగాలి. ఈ సర్దుబాటును లినక్స్‌లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్‌కే అప్పగిస్తాయి. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దాని ప్రధాన రూపకర్త. అది మాటను అక్షరాలుగా విడగొడుతుంది. ఏ హల్లు ఆధారమో, ఏవి వత్తులో తేలుస్తుంది. గుణింతపు గుర్తును వత్తుల కన్నా ముందుకు జరుపుతుంది. ఆపైన ఫాంటులోని పట్టికలు చూసి బొమ్మలు ఎంచి, ఏది ఎంత పక్కకు, ఎంత కిందికి పెట్టాలో లెక్క చెబుతుంది.

ఇందులో బోల్తా పడినవాళ్లు చిన్నవాళ్లేం కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’లో కంటికి కనబడని విడదీత సంకేతం ఒకటి దూర్చి పంపితే ఐఫోన్లలో మెసేజెస్ యాప్ కుప్పకూలింది. అక్షరాల కూర్పుకు యాపిల్‌ది సొంత ఏర్పాటు. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వదిలితే గానీ గొడవ సద్దుమణగలేదు. విజ్ఞాన వ్యాసాలు రాసేవాడికి ఇంతకన్నా ముచ్చటైన పొరపాటు దొరకదు.

ఇంత పనీ ప్రతిసారీ ఎందుకని ఫైర్‌ఫాక్స్ ఒక ఉపాయం చేస్తుంది. ఖాళీల దగ్గర విరిచి, ఒకసారి కూర్చిన మాటను దాచుకుంటుంది, పాత ప్రెస్సుల్లో తరచూ వాడే శీర్షికల కూర్పును విప్పకుండా అట్టే పెట్టినట్టు. అదే మాట అదే ఫాంటులో మళ్లీ వస్తే తీసి వాడుకుంటుంది. అయితే దాచుకునే మాట పొడవుకు ఒక హద్దుంది: 32 సంకేతాలు. ఫైర్‌ఫాక్స్ ‘ఎబౌట్:కాన్ఫిగ్’ పేజీలో ‘వర్డ్_క్యాష్’ అని ఇంగ్లీషులో వెతికితే ఆ అంకె మీకే కనిపిస్తుంది.

ఇంగ్లీషుకు ఇది ధారాళం. పొడుగు మాటకు ఉదాహరణగా చెప్పే ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ సైతం 28 అక్షరాలే. మన ‘వెళ్ళిపోవాల్సివచ్చిందనుకుంటున్నారు’ సంగతి? పొల్లులు, గుణింతాలు అన్నీ కలిపి లెక్కపెట్టండి, 34. హద్దు దాటిన మాటను ఫైర్‌ఫాక్స్ దాచుకోదు, ఎదురైనప్పుడల్లా మొదటి నుంచి కూర్పిస్తుంది. ఆ ఆలస్యం కంటికి ఆనదు, నిజమే. కానీ కూర్చే యంత్రం రెంటికీ ఒక్కటే అయినప్పుడు తేడా రావాల్సింది ఇలాంటి దాపుల్లోనే, ఆ తర్వాత పేజీ సర్దడంలో, తెర మీద గీయడంలో.

ఇక ల్యాప్‌టాప్ సంగతి. పోల్చేటప్పుడు చార్జర్ పెట్టే ఉంచండి, పవర్ మోడ్ మార్చకండి. మొదటిసారి తెరుచుకున్న సమయాన్నీ రెండోసారి సమయాన్నీ విడివిడిగా రాసుకోండి. చదివిన ఫైళ్లను లినక్స్ ర్యామ్‌లో ఉంచుకుంటుంది కనుక రెండోసారి ఏ బ్రౌజరైనా వీరుడే. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ వచ్చేది కుదించిన స్నాప్ ప్యాకేజీగా. దాన్ని విప్పడానికి తొలిసారి పట్టే సమయాన్ని బ్రౌజర్ ఖాతాలో రాయకండి. ఇవన్నీ చేశాక కూడా, బెత్తెడు వార్తకు బారెడు ప్రకటనలు తగిలించే సైట్ల ముందు ఎవరూ గెలవరు.

స్పీడోమీటర్ కోడ్ అందరికీ అందుబాటులోనే ఉంది. కూకట్‌పల్లి నుంచి రాయదుర్గం దాకా ఇన్ని వేల మంది ప్రోగ్రామర్లున్నారే, పొడుగాటి తెలుగు మాటలతో ఒక పరీక్ష రాసి పంపే తీరిక ఒక్కరికైనా దొరకదా?