డొక్కలో లోదెబ్బ తగిలితే ఉపేక్షించరాదు

ఆళ్లగడ్డ: నంద్యాల-ఆళ్లగడ్డ రోడ్డు మీద ప్రమాదమంటే ఈ ప్రాంతం వారికి 2014 ఏప్రిల్ 23 రాత్రి గుర్తుకు వస్తుంది. నంద్యాల నుంచి వస్తున్న శ్రీమతి శోభా నాగిరెడ్డి కారు ఆళ్లగడ్డ దగ్గర బోల్తా పడింది. రోడ్డుపై ఆరబోసిన ధాన్యపు కుప్పలను తప్పించబోయి అదుపు తప్పిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. మర్నాడు హైదరాబాదు ఆస్పత్రిలో ఆమె మరణించారు. రోడ్డు మీద కల్లాలు చేయడం ఇంకా మానలేదనుకోండి, అది వేరే సంగతి.

ప్రమాదం జరిగితే మనవాళ్లు తల చూస్తారు, కాళ్లు చేతులు చూస్తారు. డొక్క సంగతి అడిగేవారు తక్కువ. మూత్రపిండాలు వెన్నుకు రెండు ప్రక్కలా, చివరి ప్రక్కటెముకల చాటున ఉంటాయి. నిమిషానికి సుమారు లీటరు రక్తం వాటి గుండా పోతుంది. ట్రాక్టరు మీద నుంచి పడినా, ఎద్దు కుమ్మినా, చింతచెట్టు మీద నుంచి జారినా అవి చిట్లవచ్చు. పిల్లలకు ఈ ముప్పు ఎక్కువ.

మూత్రం ఎర్రగా రావడం ముఖ్యమైన గుర్తు. డొక్కలో నొప్పి, కమిలిన మచ్చ, కళ్లు తిరగడం, చెమటలు పట్టడం కూడా చూడాలి. అయితే మూత్రం తేటగా ఉంది గదా అని ధైర్యపడరాదు. రక్తనాళమే తెగినప్పుడు ఎరుపు అసలు కనిపించకపోవచ్చు. నూనె రాసి మర్దనా చేయడం, కాపడం పెట్టడం, నొప్పి మాత్ర మింగించి పడుకోబెట్టడం ప్రమాదకరం. 108కు ఫోన్ చేయాలి.

ఆస్పత్రిలో నాడి, రక్తపోటు, మూత్రం పరీక్షిస్తారు. అల్ట్రాసౌండ్‌లో కొన్ని దెబ్బలు తెలియవు. నరంలోకి మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్‌లో ఎంత లోతు చిట్లిందీ, మూత్రం బయటికి కారుతున్నదీ లేనిదీ తేలుతుంది. దీన్నిబట్టి దెబ్బను 5 స్థాయిలుగా విభజిస్తారు.

"కోసి కిడ్నీ తీసేస్తారట" అన్న భయంతో ఆస్పత్రికి వెళ్లనివారున్నారు. నిజానికి ఎక్కువమందికి కత్తి అవసరమే రాదు. మంచం దిగకుండా ఉంచి, అవసరమైతే రక్తం ఎక్కించి కనిపెట్టుకుని ఉంటే గాయం మానుతుంది. రక్తం ఆగకుంటే తొడ దగ్గరి నాళం ద్వారా సన్నని గొట్టం పంపి, కారేచోట మూస్తారు. అప్పటికీ ప్రాణం మీదికి వస్తేనే ఆపరేషన్. ఒకటి తీసేసినా రెండవది బాగుంటే మనిషి బతుకుతాడు. పుట్టుకతోనే ఒక్క మూత్రపిండం ఉన్నవారు ఆ మాట డాక్టరుకు ముందే చెప్పాలి.

ఇంటికి వచ్చాక రెండు మూడు వారాలలోపు మళ్లీ రక్తస్రావం కావచ్చు. ఆ రోజుల్లో బస్తాలు ఎత్తరాదు, ట్రాక్టరు ఎక్కరాదు. ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు రక్తపోటు చూపించుకోవాలి.