ట్యాబ్ కీతో చదివేవారికి దారి చూపే రంగు

మౌస్ పక్కన పెట్టి, మీరు చేస్తున్న ఆన్‌లైన్ కోర్సు తెరవండి. ట్యాబ్ కీ నొక్కుతూ ముందుకు వెళ్లండి. ఇప్పుడు ఏ బటన్ మీద ఉన్నారో తెలుస్తోందా? తెలియకపోతే ఎంటర్ నొక్కడానికి భయమేస్తుంది. అది తర్వాతి ప్రశ్న కావచ్చు, పరీక్షను ముగించేసే సబ్మిట్ బటనూ కావచ్చు.

చేతులు వణికేవారు, మౌస్ పట్టుకోలేనివారు రోజూ ఇలా కీబోర్డు మీదే చదువుతారు. టచ్‌ప్యాడ్ పాడైన సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో నెట్టుకొచ్చే మన హాస్టల్ పిల్లలకూ కొన్నిసార్లు ఇదే దారి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం వరకు స్వయం వేదిక మీద చేయొచ్చు. అంటే ఆన్‌లైన్ కోర్సు ఇప్పుడు అదనపు చదువు కాదు, డిగ్రీలో భాగం.

కీబోర్డుతో వెళ్తున్నప్పుడు మనం ఉన్న బటన్ చుట్టూ కనిపించే గీతను ఫోకస్ గుర్తు అంటారు. బ్రౌజర్ దాన్ని తనంతట తానే చూపిస్తుంది. బాగా కనబడటం లేదని కొందరు డిజైనర్లు ఒక్క లైన్ కోడ్‌తో దాన్ని తీసేస్తారు. గుమ్మం అందం చెడుతోందని ర్యాంపు కూల్చేయడం లాంటిదే ఇది.

మేమూ ఒక తప్పు చేశాం. మేం తయారుచేసిన చిన్న కోర్సులో గీత ఉంచాం గానీ, పసుపు రంగు పెట్టాం. తెల్ల పేజీ మీద అది ఎవరికీ కనిపించలేదు. కారణం కాంట్రాస్ట్. రెండు రంగుల మధ్య తేడాను 1:1 నుంచి 21:1 వరకు కొలుస్తారు. తెలుపు మీద నలుపు 21:1. వెబ్ అందుబాటుకు అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1 (2018) ప్రకారం ఇలాంటి గుర్తులకు పక్కనున్న రంగుతో కనీసం 3:1 ఉండాలి. తెలుపు మీద పసుపు 1:1 కంటే కాస్తే ఎక్కువ.

నీలం పెడితే సరిపోతుందా? తెలుపు మీద ముదురు నీలం చక్కగా కనిపిస్తుంది. కానీ వీడియో ప్లేయర్ నల్లగా ఉంటుంది, అక్కడ అదే నీలం మాయమవుతుంది. అందుకే ఒక్క రంగు మీద ఆధారపడకూడదు. లోపల తెల్ల గీత, బయట నల్ల లేదా ముదురు నీలం గీత, ఇలా జంటగా వేయాలి. ఆ రెండింటి మధ్య కాంట్రాస్ట్ 9:1 దాటితే, వెనుక ఏ ఒక్క రంగు ఉన్నా కనీసం ఒక గీత కనిపిస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్లు పసుపుకు నలుపు జతచేసింది ఇందుకే.

ఎరుపు, ఆకుపచ్చలను ఫోకస్‌కు వాడకపోవడం మంచిది. క్విజ్‌లో అవి తప్పు, ఒప్పులను సూచిస్తాయి. పైగా ఆ రెండింటి తేడా పోల్చుకోలేనివారు చాలామంది ఉంటారు. బటన్ రంగు మాత్రమే మార్చి వదిలేయకుండా, కనీసం 2 పిక్సెళ్ల మందాన గీత వేయాలి. 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ఇంకో మాట చేర్చింది: పేజీ పైన కదలకుండా ఉండే పట్టీ, చాట్ డబ్బా వంటివి ఫోకస్‌లో ఉన్న బటన్‌ను పూర్తిగా కప్పేయకూడదు.

ఇది ఎవరి దయో కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం డిజిటల్ సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతోంది. డిజిటల్ సేవల అందుబాటు ఆర్టికల్ 21 కింద జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పు ఇచ్చింది.

కోర్సులో చేరిన మొదటి రోజే ట్యాబ్ కీతో లాగిన్ నుంచి క్విజ్ సబ్మిట్ దాకా వెళ్లి చూడండి. దారి తప్పిన ప్రతి చోటా స్క్రీన్‌షాట్ తీయండి. ఉచిత కాంట్రాస్ట్ చెకర్‌లో రంగులు కొలిచి, ఆ అంకెలు రాసి కోర్సు సమన్వయకర్తకు పంపండి. పరీక్ష రోజు దాకా ఆగొద్దు. ఆ రోజు ఒక్క తప్పు ఎంటర్‌కు మూల్యం చెల్లించేది డిజైనర్ కాదు, విద్యార్థి.