లీడర్‌షిప్‌ కోర్సుకు ఫీజు కట్టే ముందు..

‘మూడు రోజుల్లో మీలోని నాయకుణ్ని బయటికి తీస్తాం’, ‘వారంలో స్టేజ్‌ ఫియర్‌ మాయం’.. ఫైనలియర్‌లోకి అడుగుపెట్టగానే ఇలాంటి ప్రకటనలు ఫోన్‌ నిండా కనిపిస్తాయి. ఫీజు వేలల్లో ఉంటుంది. ఇంట్లో అడిగితే ‘ఉద్యోగానికి పనికొస్తుందంటే అప్పో సప్పో చేసి కడదాంలే’ అంటారు. మరి నిజంగా పనికొస్తుందా? డబ్బు కట్టకముందే తేల్చుకోవచ్చు.

కొలిచేదెలా?

శిక్షణ ఎంతవరకు ఫలించిందో కొలవడానికి అమెరికన్‌ ప్రొఫెసర్‌ డొనాల్డ్‌ కిర్క్‌ప్యాట్రిక్‌ 1959లో నాలుగు మెట్ల పద్ధతి చెప్పారు. కంపెనీల శిక్షణ విభాగాల్లో ఇది ఇప్పటికీ వాడుకలో ఉంది.

1. స్పందన: కోర్సు నచ్చిందా?
2. అభ్యసనం: కొత్తగా ఏం నేర్చుకున్నారు?
3. ప్రవర్తన: నేర్చుకున్నది ఆచరణలో పెడుతున్నారా?
4. ఫలితం: దానివల్ల ఏం ఒరిగింది?

చాలా ప్రకటనలు మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. చప్పట్లు, ట్రైనర్‌తో సెల్ఫీలు, ‘సూపర్‌’ అనే రివ్యూలు.. ఇవన్నీ స్పందన కిందికే వస్తాయి. ఆ ఊపు నెల తర్వాత క్లాసులో సెమినార్‌ ఇచ్చేటప్పుడు ఉంటుందా అన్నది చూడాలి. ఒడ్డున కూర్చుని ఎన్ని పాఠాలు విన్నా ఈత రాదు కదా!

ఇవి అడగండి

- బ్యాచ్‌లో ఎంతమంది? 200 మంది ఉన్న హాల్లో ఒక్కొక్కరికి 2 నిమిషాలిచ్చినా 400 నిమిషాలు.. ఆరున్నర గంటలు దాటిపోతుంది. అంటే మీ వంతు రావడం కష్టమే.
- మా చేత ఏం చేయిస్తారు? మాట్లాడించి, తప్పొప్పులు చెప్పేదెవరు?
- మొదటి రోజు, చివరి రోజు మా స్థాయిని ఎలా పరీక్షిస్తారు?
- కోర్సయ్యాక నెలకో, రెండు నెలలకో మళ్లీ చూస్తారా?
- మధ్యలో మానేస్తే ఫీజు వెనక్కి ఇస్తారా? రాసిస్తారా?

‘ఈరోజే కడితే సగం ఫీజు’ అని తొందరపెడితే ఆ రోజు కట్టకపోవడమే మేలు. చెప్పిందొకటి, చేసిందొకటి అయితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌ 1915కు ఫిర్యాదు చేయొచ్చు.

తక్కువ ఖర్చులో..

స్వయం, ఎన్‌పీటెల్‌ వేదికల్లో సాఫ్ట్‌ స్కిల్స్‌ పాఠాలు ఉచితం. ఎన్‌పీటెల్‌లో సర్టిఫికెట్‌ కావాలంటే ఒక్కో కోర్సుకు రూ.1000 కట్టి, కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వెయిటేజీ. అయితే ఇది రెండో మెట్టు వరకే తీసుకెళ్తుంది. నోరు తిరిగే సాధన మీరే చేసుకోవాలి.

మూడో మెట్టుకు ఎన్‌ఎస్‌ఎస్‌ మంచి దారి. రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. ఊరి పెద్దల్ని ఒప్పించడం, పనులు పంచడం, అలిగినవాళ్లను కలుపుకొని పోవడం.. నాయకత్వమంటే ఇదే.

యూజీసీ 2019లో ‘జీవన్‌ కౌశల్‌’ పేరుతో 8 క్రెడిట్ల పాఠ్యప్రణాళిక ఇచ్చింది. అందులో నాయకత్వం, నిర్వహణ నైపుణ్యాలూ ఉన్నాయి. మీ కాలేజీలో నడుస్తోందేమో కనుక్కోండి. తెలంగాణలో ‘టాస్క్‌’, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఇచ్చే శిక్షణల గురించి ప్లేస్‌మెంట్‌ సెల్‌లో అడగండి.

ఇంటర్వ్యూలో చెల్లేదేది?

‘టీమ్‌ను నడిపిన సందర్భం చెప్పండి’ అన్నప్పుడు ‘వర్క్‌షాప్‌కు వెళ్లొచ్చా’ అంటే మాట అక్కడితో ఆగిపోతుంది. ‘ఫెస్ట్‌కు రెండు రోజుల ముందు స్పాన్సర్‌ తప్పుకొంటే, ఇద్దరం 20 షాపులు తిరిగి సగం డబ్బు తెచ్చాం. మిగతా సగానికి స్టేజీ ఖర్చు తగ్గించాం’ అంటే ఇంకో ప్రశ్న వస్తుంది. అలాంటి అనుభవం లేకుండా సర్టిఫికెట్‌ ఒక్కటే నెగ్గుకురాలేదు.

అలాగని డబ్బు కట్టే కోర్సులన్నీ దండగని కాదు. నలుగురిలో నోరు విప్పడానికే జంకేవారికి, 15-20 మంది బ్యాచ్‌లో రోజూ మాట్లాడించే రెండు నెలల శిక్షణ ఖర్చుకు తగ్గ ఫలితమే ఇవ్వొచ్చు.

చేరేముందు కాగితంపై మూడు మాటలు రాసుకోండి: ఇప్పుడు నాకేం రాదు? మూడు నెలలకు ఏం రావాలి? వచ్చిందని ఎవరు చూసి చెబుతారు? ఆ కాగితం నిర్వాహకుల ముందు పెట్టండి. సూటిగా జవాబొస్తేనే ఫీజు సంగతి ఆలోచించండి.